నిదానం పాట

బూదికోట,
4 జూలై 2024

ఏమ్మే రాజీ,

నీ చెవికి ఆపరేషన్ అయ్యిందంట, మిషన్ పెట్టినారంట, చూసేదానికి జనం వచ్చి పోతా ఉండారంట. ఈ సంగతి నాకి ఎవురు చెప్పినారో తెలుసునా? మా ఊరి డెయిరీలో పాలు కొలిచే సెక్రటరీ. ఆయన మరదలు కోలారులో మీ వీధిలోనే ఉండాదంట. హైస్కూల్లో నీ పక్కన ఒకే బెంచీలో కూర్చున్నదాన్ని, నీ సంగతి నాకి డెయిరీలో తెలవాలనా? సిగ్గుండాదా నీకి?

కోపం ఆపుకోలేక నీ కూతురు సుప్రీతకు ఫోన్ చేస్తిని. "అమ్మకు ఫోన్లో మాట ఇంకా తెలియడం లేదు ఆంటీ, ఉత్తరమే రాయండి" అనె పాపం. నీకి చెవులు పోయినప్పటినుంచి మనకి ఉత్తరాలే గదా, ఇంగ కొత్తేముండాది. ఈసారి మాత్రం జవాబు రాయకుంటే బస్సెక్కి వచ్చేస్తా, చూడు.

మిషన్ ఎట్లుండాది? తలలో నొప్పి లేదు గదా? మనుషుల మాట తెలుస్తా ఉందా? అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒగటుండాది. పాట వినబడతా ఉందా? ఆ ఒగటి చెప్పు, మిగతావి తర్వాత.

ఇక్కడ అందరమూ బాగుండాము. మామిడి కోత అయిపోయినా మా ఆయన పొద్దంతా తోటలోనే ఉంటా ఉండాడు. ఏమని అడిగితే, ఇంట్లో నా నోరు భరించలేక అంట. ఆ మాట నలుగురి ముందర అనినాడు.

జయ


కోలారు,
16 జూలై

జయా,

తిట్టు, పడతాను. ఎవరికీ చెప్పకుండా చేయించుకున్నది నిజమే. పనిచేయకపోతే ఇంతమందికి జవాబు చెప్పుకోవాలి కదా అని భయపడ్డాను.

చెవి లోపల ఒక సన్నని తీగ పెట్టారు. బయట చెవి వెనక చిన్న యంత్రం, దానికి తోడు అయస్కాంతంతో తలకు అతుక్కునే రూపాయి బిళ్ళంత ముక్క. గాయం మానాక బెంగళూరులో నయన అనే అమ్మాయి దాన్ని మొదటిసారి ఆన్ చేసింది. చెవులు పరీక్షించి యంత్రాన్ని సరిచేసే పని ఆమెది. నేను విన్న మొదటి శబ్దం ఆమె మాట. అది మాట అని ఆమె పెదవులు చూసి తెలుసుకున్నాను. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది. సుప్రీత "అమ్మా" అని పిలిచింది. అవీ గులకరాళ్ళే. పిల్ల ముఖం చూసి, వినబడిందని తలూపాను.

ఇది పాత చెవి తిరిగి రావడం కాదట. మెదడు మొదటినుంచి నేర్చుకోవాలట. బాగా తెలిసిన పాట ఒకటి పట్టుకుని రోజూ వింటే దారి తొందరగా దొరుకుతుందని, మొదటి నెలల్లో వదిలేస్తే తర్వాత చాలా కష్టమని నయన కాగితం మీద రాసి చూపించింది. "ఏ పాట మేడం?" అని కింద రాసింది. నేనేం చెప్పి ఉంటానో నీకు చెప్పాలా? నిదానం పాట.

అది మన కేజీఎఫ్ బంగారు గనుల్లో చాంపియన్ రీఫ్స్ లైన్ ఇళ్ళవాళ్ళు పెట్టుకున్న పేరని, అసలు పేరు నాకు తెలియదని అంటే ఆ అమ్మాయి నవ్వింది. సుప్రీత ఫోన్లో వెతికి పట్టుకుంది. మనం హైస్కూలుకు రాకముందే బ్రెజిల్ దేశంలో తీసిన ఏదో సినిమాలోదట. సినిమా వారం కూడా ఆడలేదట. పాటను మాత్రం జాజ్ వాయించేవాళ్ళు ఎత్తుకున్నారట. గొంతు పెంచకుండా, పక్కవాడితో చెబుతున్నట్టు పాడే ఆ తీరును బోసా నోవా అంటారట. ఇప్పుడు ఏ దేశంలోనైనా జాజ్ వాయించేవాడికి ఈ పాట రాకపోతే నామోషీ అట. అందరికీ వచ్చి తీరవలసిన అలాంటి పాటను స్టాండర్డ్ అంటారని చెప్పింది. మన చౌడప్ప మామ టేపులోంచి ఇంటింటికీ పాకిన పాట ప్రపంచమంతా ఉందంటే గర్వంగా అనిపించింది, ఏదో మనమే పంపించినట్టు.

నీ ఒక్కదానికే చెబుతున్నాను. చెవులు పూర్తిగా పోయిన ఈ ఎనిమిదేళ్ళలో నా తలలోని పాటలన్నీ ఒక్కొక్కటే మాసిపోయాయి. మా అమ్మ పాడిన లాలి కూడా పోయింది. ఈ ఒక్కటే గిటారుతో సహా మిగిలింది. ఏ పని చేస్తున్నా లోపల అదే నడుస్తుంటుంది. దీన్ని ఈ గులకరాళ్ళలో వింటే లోపలున్నది కూడా చెడిపోతుందేమోనని భయంగా ఉంది, జయా. సుప్రీత ఏడెనిమిది మంది వాయించినవి ఏరి ఫోన్లో పెట్టి ఇచ్చింది. రేపు మొదలుపెడతాను.

రాజలక్ష్మి


బూదికోట,
30 జూలై

రాజీ,

నీ ఉత్తరం చదివి ఏడిస్తిని. లేసి పట్టుపురుగులకు మల్బరీ ఆకేసి వచ్చి మళ్ళీ చదివి మళ్ళీ ఏడిస్తిని. మా ఆయన "ఎవురు పోయినారే?" అని పరిగెత్తుకోని వచ్చె.

నిదానం పాట అంటివి గదా, ఒళ్ళు జల్లుమనె. మా మేనమామ ఇంట్లో ఉండి నేను చదువుకునే రోజుల్లో, సాయంకాలమైతే చౌడప్ప మామ టేపు మిషన్‌ను తెచ్చి కిటికీలో పెడతా ఉండె. గనిలో ఎలక్ట్రీషియన్ కాబట్టి ఇట్లాంటివన్నీ ఆయన కాడే ఉంటా ఉండె. ఎవురో ఆఫీసరు బంగళాలో రికార్డు అడుక్కోనొచ్చి టేపులోకి ఎక్కించుకున్నాడంట. మన లైన్‌లలో ఏ బ్యాండైనా ఆ టేపు విని నేర్చుకునిందే. పెండ్లికీ అదే, క్రిస్మస్‌కూ అదే. చౌడప్ప మామ కొడుకు శివరాజ్ గిటారు పట్టుకుంటే నువ్వు ఆ అర్థం కాని మాటలన్నీ ఒగటీ తప్పు లేకుండా పాడతా ఉంటివి. అర్థం తెలిసిన తెలుగు పద్యాలు నాకి ఒగటీ రాలే, అది వేరే సంగతి.

ఇంగ ఆ ఆగే చోటు! పాట ఒగ సుట్టు అయినంక టక్కున నిలిచిపోతా ఉండె గదా. గిటారు లేదు, గొంతు లేదు, ఏమీ లేదు. ఆడేవాళ్ళు కాలు యాడ పెట్టినారో ఆడనే నిలబడాల. చిన్నబిడ్డలు కూడా కిక్కురుమనేది లేదు. మళ్ళీ మెల్లగా గిటారు మొదలైతే అందరూ ఒకేసారి ఊపిరి వదులుతా ఉండ్రి. మా మేనమామ అంటా ఉండె, "ఈ పాట కట్టినోడు గనిలో దిగి పని చేసుంటాడమ్మా. లేకుంటే ఇట్ల ఆపాలని వానికి ఎట్ల తెలుస్తాది?" అని. నిజమే గదా. భూమి లోపల బండ పగిలి ఇండ్లు అదిరినప్పుడు మనమూ అట్లనే గదా చేతిలో పని చేతిలోనే పెట్టుకోని నిలబడతా ఉంటిమి, లోపల ఎవురికి ఏమయ్యిందో అని.

అందుకే చెప్తా ఉండా, భయపడొద్దు. మాట తెలియకపోనీ, రాగం తెలియకపోనీ, ఆ ఆగే చోటు వస్తానే పాట నీకి పట్టుబడిపోతాది. ఏమీ వినబడని చోటును వినేది చెవిటిదానికన్నా బాగా ఇంకెవురికి వస్తాది? కోపగించుకోవద్దు, సుమ్నే తమాషాకి అంటిని.

జయ


కోలారు,
22 ఆగస్టు

జయా,

నువ్వు చెప్పినట్టే చేశాను. సుప్రీత బ్యాంకుకు బయలుదేరగానే తలుపు వేసుకుని ఫోన్ ముందు కూర్చుంటున్నాను. రాగం లేదు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. పాడుతున్నారో ఊదుతున్నారో కూడా తెలియదు. కాని దెబ్బ తెలుస్తోంది, తాళం తెలుస్తోంది. వేళ్ళతో లెక్క వేసుకుంటూ లోపలి పాటను దాని పక్కనే నడిపించాను. రెండూ కలిసి నడిచాయి. ఎంత సంతోషపడ్డానో నీకు చెప్పలేను. ఒక చుట్టు పూర్తయింది. ఇప్పుడు ఆగాలి. నువ్వన్న చోటు అదే. ఊపిరి బిగబట్టాను.

ఆగలేదు, జయా. గులకరాళ్ళు అలాగే గలగలమంటూనే ఉన్నాయి.

లెక్క తప్పానేమో అనుకున్నాను. ఉద్యోగమంతా లెక్కల టీచరుగా చేసినదాన్ని, మళ్ళీ మొదటినుంచి వేసుకున్నాను. ఇంకొకరు వాయించినది పెట్టాను, తర్వాత మరొకరిది. అలా వారాల తరబడి చూశాను. ఏ ఒక్కరి దగ్గరా ఆగలేదు. ఎవరు ఎలా వాయించినా ఆ ఆగడాన్ని వదులుకోరు కదా, పాటకు ప్రాణమే అది. అంటే ఏ చప్పుడూ లేని చోట కూడా ఈ యంత్రం సొంతంగా చప్పుడు పుట్టిస్తోందన్నమాట. ఇక మిగతాదంతా అది నిజంగానే చెబుతోందని నేను ఎలా నమ్మాలి?

సుప్రీతకు ఇదేమీ చెప్పలేదు. ఆపరేషన్ కోసం అది పడ్డ తిప్పలు నాకు తెలుసు. "పాట ఎలా ఉందమ్మా?" అని రోజూ రాసి చూపిస్తుంది. "బాగుంది" అంటాను.

ఇంతకన్నా పెద్ద కష్టం వచ్చిపడింది. నిన్న పెరట్లో బట్టలు ఆరేస్తూ, యంత్రం పెట్టుకోకుండానే, మామూలుగా లోపల పాట అనుకుంటున్నాను. ఆగాల్సిన చోటికి వచ్చేసరికి అక్కడ గులకరాళ్ళు వినిపించాయి. తడిబట్టలు అలాగే వదిలేసి లోపలికి వచ్చేశాను. నేను భయపడ్డదే జరుగుతోంది. అందుకని ఇప్పుడు సుప్రీత గడప దాటగానే యంత్రాన్ని తీసి బీరువాలో పెట్టేస్తున్నాను. అక్టోబరు మొదటివారంలో నయన దగ్గరికి వెళ్ళాలి. ఇక చాలు, నాకు వద్దు అని ఆ రోజు చెప్పేస్తాను. మిగిలిన ఒక్క పాటనూ పోగొట్టుకోలేను.

రాజలక్ష్మి


బూదికోట,
2 సెప్టెంబరు

రాజీ,

తీసి పారెయ్. అట్లాంటి మిషన్ మనకొద్దు.

మా ఆయన కాడ కూడా అడిగినాను. మా పెండ్లికి చాంపియన్ రీఫ్స్ బ్యాండే గదా వచ్చింది, ఆ పాటకు ఆయనా కాలు కదిపినాడు. ఆగే చోటు తెలియక ఒగ అడుగు ఎక్కువేసి మా మేనమామ కాడ తిట్లు తిన్న మనిషి. ఆయనా అనె, "ఆ చోట చప్పుడు వస్తా ఉందంటే అది చెడిపోయిన మిషనే" అని. ఇంగేం కావాల?

నీ తలలో ఉండే పాటను కాపాడుకో. నేనే నిన్ను ఎగదోసినాను, ఆ చోటు కోసం చూడు, ఆ చోటు కోసం చూడు అని. నాకే బేజారుగా ఉండాది. నా గొంతు నీకి మళ్ళీ వినిపించాలని శానా ఆశ పెట్టుకోనుంటిని. నా వాగుడు ఇంట్లో ఎవురికీ అక్కర్లేదు, నువ్వొగదానివే ఆశగా వింటా ఉంటివి. పోనీలే. రాస్తే చాలదా ఏమి? చేతులు బాగుండేంత వరకూ రాస్తా.

జయ


చాంపియన్ రీఫ్స్,
14 సెప్టెంబరు

రాజీ, రాజీ, రాజీ,

మొన్న నేను రాసిన ఉత్తరం చింపెయ్. పొయ్యిలో వెయ్. నా మాట, మా ఆయన మాట రెండూ కలిపి వెయ్.

మారమ్మత్త నీళ్ళు పోసుకుంటా బచ్చలింట్లో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకునింది. మేనమామ పోయినా ఆమె ఆ లైన్ ఇంట్లోనే ఉండాది గదా, చూసుకునేకి నేను వచ్చినాను. నిన్న సాయంకాలం శివరాజ్ వచ్చినాడు అత్తను పలకరించేకి. తలంతా నెరిసిపోయింది, పిల్లోళ్ళకు గిటారు నేర్పిస్తా ఉండాడు. నీ సంగతంతా చెప్పి, "ఆగే చోట కూడా దానికి చప్పుడే వినబడతా ఉందంట శివరాజూ, పాపం" అంటిని. వాడు నా మొగం చూసి, "యాడ ఆగే చోటక్కా?" అనె.

"అదే అప్పా, ఒగ సుట్టు అయినంక ఆగుతాది గదా."

నవ్వినాడు చూడు! నాకి ఒళ్ళు మండిపోయె.

"అది పాటలో లేదక్కా. లోకంలో యాడా లేదు. అది మా నాయన చేసిన పని" అనె.

ఏం జరిగిందంటే, ఆ పొద్దు చౌడప్ప మామ ఆఫీసరు రికార్డును తిప్పతా, టేపు మిషన్ మైకును దాని ముందర పెట్టి పాట ఎక్కిస్తా ఉండాడు. పాట మధ్యలో ఏర్ బ్లాస్ట్ వచ్చె, అదే, గని లోపల బండ పగిలేది. ఇల్లంతా అదిరె. "రికార్డు మనది కాదు గదక్కా, గీత పడితే ఆఫీసరు ఊరుకుంటాడా? మా నాయన సూదిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకోని అట్లనే నిలబడినాడు. అదురు తగ్గినంక, ఎత్తిన చోటనే మళ్ళీ మెల్లగా దించినాడు. టేపును ఆపాలని మాత్రం ఆయనకు తోచలే. అది తిరగతానే ఉండె. నేను పక్కనే ఉంటి, నాకి బాగా జ్ఞాపకం ఉండాది" అనె.

"మరి ఇన్నేండ్లూ మాకి చెప్పలేదేమిరా?" అని అరిస్తిని.

"మీరు అడిగితే గదక్కా. ఒగ పెండ్లిలో ఆపకుండా వాయిస్తే జనం కొట్టేకి వచ్చినారు, మంచి పాటను చెడగొడతా ఉండావని. అప్పటినుంచి కేజీఎఫ్‌లో వాయిస్తే ఆపుతాము, బెంగుళూరులో వాయిస్తే ఆపము."

అర్థమయ్యిందా నీకి? సుప్రీత ఇచ్చిన వాళ్ళు ఎవురూ ఆ చోట ఆపనే లేదు. ఆగలేదని నీ మిషన్ చెప్పె. అది చెప్పిందే నిజం! తప్పు చెప్పింది మనమే, ఊరు ఊరంతా తప్పు. ఆ దేశమోడు గనిలో పని చేసినాడని మా మేనమామ చచ్చేదాకా నమ్మినాడు పాపం.

ఆ మిషన్‌ను బీరువాలోంచి తియ్యి. ఈ ఉత్తరం కింద పెట్టి, పోయి, తియ్యి.

జయ


కోలారు,
20 సెప్టెంబరు

జయా,

ఉత్తరం చదివాను. నీ మనసు తెలుసు కాబట్టి కోపం రాకూడదు. అయినా వస్తోంది.

పదో తరగతిలో నాకు సైన్సులో మార్కులు తక్కువ వచ్చినప్పుడు, పేపర్లో తప్పు అచ్చయిందని చెప్పింది నువ్వే. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు, డాక్టరు నవ్వుతూ బయటికి వచ్చాడని చెప్పిందీ నువ్వే. నేను బాధపడితే చూడలేవు, వెంటనే ఏదో ఒకటి అల్లి చెబుతావు. నెల మొదట్లో యంత్రాన్ని పారెయ్యమన్నావు, నెల సగానికి పెట్టుకోమంటున్నావు. మధ్యలో ఒక ఏర్ బ్లాస్ట్.

ఆ పాట నేను స్కూల్లో పాడాను, క్లబ్బులో పాడాను, సుప్రీత కడుపులో ఉన్నప్పుడు పాడుకున్నాను. అంత పెద్ద ఊరు, అన్ని బ్యాండ్లు, అందరం కలిసి లేనిదాన్ని పాడుకున్నామంటే ఎలా నమ్మను? నమ్మి పెట్టుకున్నాక అది నిజం కాకపోతే లోపలి పాట నాకు తిరిగి రాదు. నువ్వు తెచ్చి ఇవ్వలేవు కదా.

సుప్రీతను అడిగితే తేలిపోతుంది కదా అంటావేమో. అడిగితే ఇన్ని రోజులూ బాగుందని నేను చెప్పినదంతా అబద్ధమని దానికి తెలిసిపోతుంది. దాని ముఖం ఎలా చూడను?

మారమ్మత్త చెయ్యి ఎలా ఉంది?

రాజలక్ష్మి


బూదికోట,
25 సెప్టెంబరు

రాజలక్ష్మి మేడం గారికి,

ఔను, అబద్ధాలు చెప్పినాను. ఆ పొద్దు డాక్టరు నవ్వలేదు. నీ మొగం చూసి చెప్పలేకపోతిని. నువ్వు నీ కూతురికి "బాగుంది" అని చెప్తా ఉండావు గదా, అట్లాంటిదే అది. ఎవురు ఎవురిని అనాల ఇప్పుడు?

నన్ను నమ్మొద్దులే. చాంపియన్ రీఫ్స్‌కు పో. శివరాజ్‌కు చెప్పిపెట్టినాను. వాడు నీ వెనకాల కూర్చోని వాయిస్తాడు, ఒగసారి ఆపి, ఒగసారి ఆపకుండా. ఏది ఏదో నువ్వే చెప్పు. తప్పు చెప్తే ఆ మిషన్‌ను తెచ్చి నా చేతికియ్యి, మా తోట బావిలో నేనే వేస్తా.

నేను నీ తోడు రాలేను. పురుగులు గూడు కట్టేకి చంద్రికల తట్టల మీదికి ఎక్కతా ఉండాయి, ఇప్పుడు ఇల్లు వదిలితే పంటంతా పోతాది. సుప్రీతను పిలుచుకోని పో. దానికి నిజం చెప్పు. అది నీ కూతురు, నీ హెడ్మిస్ట్రెస్ కాదు.

అత్త చెయ్యి బాగుండాది. నోరు ఇంకా బాగుండాది.

జయలక్ష్మమ్మ


కోలారు,
3 అక్టోబరు

జయా,

నిన్న గాంధీ జయంతి సెలవు. సుప్రీతతో కలిసి చాంపియన్ రీఫ్స్ వెళ్ళాను.

బయలుదేరే ముందే దానికి అంతా చెప్పేశాను, బీరువా సంగతితో సహా. అది కారు తీసింది. బంగారుపేట దాటాక పక్కకు ఆపి, బ్యాగులోంచి కాగితం తీసి రాసింది. "నీకు వినబడకపోయినా నాకు ఫరవాలేదమ్మా. బాగుందని మాత్రం చెప్పకు." ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాం. ఆ తర్వాత దానికి ఆకలేసింది. ఇడ్లీ తిని మళ్ళీ బయలుదేరాం.

శివరాజ్ వాళ్ళ వాకిట్లోంచి గని షాఫ్టు మీది పెద్ద చక్రం అలాగే కనబడుతోంది. తిరగడం మానేసి ఎన్నేళ్ళయిందో. నన్ను గోడకేసి కూర్చోబెట్టాడు. చెయ్యి ఎత్తితే ఆగినట్టు, ఎత్తకపోతే ఆగనట్టు అని ఒప్పందం. నా గుండె ఎంత కొట్టుకుందంటే మొదట దాన్నే తాళం అనుకున్నాను.

వాయించాడు. లోపలి పాటను పక్కన నడిపించాను. ఒక చుట్టు అయింది. గులకరాళ్ళు ఆగిపోయాయి, జయా! ఏమీ లేదు. మన చాంపియన్ రీఫ్స్‌లో అందరం నిలబడిపోయేవాళ్ళం చూడు, అంతే నిశ్శబ్దం. చెయ్యి ఎత్తాను. అది దించకముందే మళ్ళీ మొదలైంది.

రెండోసారి అక్కడికి వచ్చేసరికి ఆగలేదు. నేరుగా వెళ్ళిపోయింది. నా చెయ్యి ఒళ్ళోనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే సుప్రీత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

మూడోసారి ఆ దొంగ ఏం చేశాడో తెలుసా? చుట్టు సగంలోనే, ఆగకూడని చోట ఆపేశాడు. నేను లేచి నిలబడి, "అక్కడ కాదురా శివరాజూ, ముందుకు పో!" అని అరిచాను. శివరాజ్ ఏదో అన్నాడు. సుప్రీత నవ్వు ఆపుకుంటూ రాసి ఇచ్చింది: "అక్కకు చెవులు బాగుండాయి. తిట్టేది కూడా మునుపటి మాదిరే ఉండాది."

నిజం చెప్పాలి కదా. రాగం ఇంకా రాలేదు. గిటారు గిటారులా లేదు. అయినా ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు ఈ యంత్రం చెబుతోంది. ఇంటికి వచ్చి, యంత్రం తీసేసి, మంచం మీద కూర్చుని లోపలి పాట ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. ఆగే చోటు కూడా అలాగే ఉంది. ఆ రోజు పెరట్లో వినిపించినవి నా భయమే. సోమవారం నయన దగ్గరికి వెళుతున్నాను. వద్దని చెప్పడానికి కాదు.

నిన్ను నమ్మనందుకు క్షమించమని అడగను. నమ్మకుండా చేసుకున్నది నువ్వే. కాని నువ్వు లేకపోతే నేనీ పాటికి ఆ యంత్రాన్ని ఎవరికో ఇచ్చేసి ఉండేదాన్ని.

రాజలక్ష్మి


బూదికోట,
12 అక్టోబరు

రాజీ,

నీ ఉత్తరం పట్టుకోని ఊరంతా తిరిగినాను. డెయిరీ సెక్రటరీకి కూడా చదివి వినిపించినాను, ఇంగ ఆయనే నా కాడికి వచ్చి అడగాల నీ సంగతి. గూళ్ళు మంచిగా వచ్చినాయి. అద్దంలో మొగం చూసుకునేకి కూడా తీరిక లేదు, అయినా ఒళ్ళంతా తేలికగా ఉండాది.

మా ఆయన మాత్రం ఒప్పుకోలేదు. శివరాజ్ చెప్పిందంతా చెప్పినాను. శానాసేపు ఆలోచన చేసి, "అట్లయితే ఆ బ్రెజిల్ వాళ్ళే ఆపేది మరిచిపోయినారు" అనె. పెండ్లినాడు తిన్న తిట్లు వట్టిగా పోయినాయని ఆయన బాధ.

రాజీ, ఒగ మాట. నయన అమ్మాయి సరే అంటే ఎప్పుడైనా నాకి ఒగసారి ఫోన్ చెయ్. తెలియకుంటే పెట్టెయ్, నేనేమీ అనుకోను. నేను ఏదో ఒగటి మాట్లాడతానే ఉంటా. మాట్లాడేకి నాకేం తక్కువ?

జయ


కోలారు,
28 నవంబరు

జయా,

నయన యంత్రాన్ని రెండుసార్లు సరిచేసింది. ఇప్పుడు లేచింది మొదలు పడుకునేదాకా తియ్యడం లేదు. సుప్రీత మాటకూ కుక్కర్ కూతకూ తేడా తెలుస్తోంది. ఈ మాట దాని ముందు అంటే పోట్లాడింది. పోయిన వారం పాట వింటుంటే గులకరాళ్ళ మధ్యలోంచి ఏదో సన్నగా పైకి లేచింది. ఆడమనిషి గొంతు. రెండు మాటలు పాడి మళ్ళీ కలిసిపోయింది. అంతే, అయినా ఆ రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను.

రోజూ సాయంత్రం సుప్రీత పక్క గదిలోంచి ఫోన్ చేసి ఏవో మాటలు చెబుతుంది, నేను తిరిగి చెప్పాలి. ఇప్పుడు ఎక్కువ మాటలు పట్టుకుంటున్నాను. ఆ ధైర్యంతోనే నిన్న నీకు ఫోన్ చేశాను.

"జయా, నేను రాజీని. ఏదైనా మాట్లాడు" అన్నాను. ఎంతసేపు వాగినా వినాలని కుర్చీ లాక్కుని, నీళ్ళు పక్కన పెట్టుకుని మరీ కూర్చున్నాను. నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. యంత్రం పోయిందనుకున్నాను. అంతలో మీ ఆవు అరిచింది. తర్వాత మీ ఆయన "ఎవురే ఫోన్లో?" అన్నాడు. ప్రతి అక్షరం తెలిసింది నాకు. ఆ తర్వాత వినబడ్డది నువ్వు. ఏడుస్తున్నావు.

హైస్కూల్లో కూడా నువ్వు అలాగే ఏడ్చేదానివి, మధ్యమధ్యలో ముక్కు ఎగబీలుస్తూ. ఏమీ మారలేదు. నేనూ ఏడ్చాను, నీకు వినబడిందో లేదో.

ఈ ఉత్తరం అందిన రోజు సాయంత్రం ఫోన్ పక్కనే ఉండు. మళ్ళీ చేస్తాను. ఈసారి మాట్లాడు.

రాజీ